ముల్లుకు పేరు పెట్టకండి

స్వస్థత సభల్లో వాక్యం చెప్పే దైవసేవకులకు ఉద్దానం నుంచి బహిరంగ లేఖ



నేను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పుట్టి పెరిగినదాన్ని. ముప్పై ఏళ్ళుగా మా సంఘంలో సండే స్కూలు పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. వేదాంత కళాశాల మెట్లెక్కలేదు. నాకున్నవి బైబిలు, దాన్ని అర్థం చేసుకోవడానికి కొనుక్కున్న కొన్ని వ్యాఖ్యాన గ్రంథాలు, మా తమ్ముడి మంచం పక్కన గడిపిన మూడేళ్ళు. మీలో ఏ ఒక్కరినీ వేలెత్తి చూపడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. వేదిక మీద నుంచి రోగి గురించి మీరు అన్న ఒక్క మాట అతని వెంట ఇంటికి వస్తుంది. సభలు ముగిశాక మీరు మరో ఊరు వెళ్ళిపోతారు, ఆ మాట మాత్రం ఆ ఇంట్లోనే ఉండిపోతుంది. అది అక్కడ ఏం చేస్తుందో మీకు తెలియాలని రాస్తున్నాను.

మా వైపు కిడ్నీ జబ్బు గురించి మీరు వినే ఉంటారు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఏ ఊరికి వెళ్ళినా ఆ మాట వినిపిస్తుంది. వీళ్ళలో చాలామందికి షుగరు లేదు. కొబ్బరి తోటల్లో, జీడి తోటల్లో ఎండకు ఒళ్ళు అప్పగించి పనిచేసుకునేవాళ్ళు. కొన్ని దశాబ్దాలుగా పరిశోధకులు వచ్చి మా నీళ్ళు, మట్టి, రక్తం, మూత్రం పట్టుకెళ్ళి పరీక్షిస్తూనే ఉన్నారు. నీటిలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, లోహాలన్నారు, ఎండదెబ్బ అన్నారు. ఇదీ కారణమని ఇప్పటికీ గట్టిగా తేలలేదు. అందుకే వైద్యులు ఈ జబ్బును కారణం తెలియని కిడ్నీ వ్యాధి అని పిలుస్తారు. అంత చదువుకున్నవాళ్ళు జబ్బు పేరులోనే తమకు తెలియదని రాసుకున్నారు. ఆ నిజాయితీకి నేను చేతులెత్తి మొక్కుతాను.

మా తమ్ముడికి 2021లో డయాలసిస్ మొదలైంది. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. ముందు బరువు తూస్తారు, అయ్యాక మళ్ళీ తూస్తారు. ఆ రెండు అంకెల మధ్య తేడా ఒంట్లోంచి లాగిన నీరు. సూదులు గుచ్చడానికి వీలుగా ఎడమ చేతిలో చిన్న ఆపరేషన్ చేసి రెండు రక్తనాళాలను కలిపారు. ఫిస్టులా అంటారు. దాని మీద వేలు ఆనిస్తే లోపల తుమ్మెద తిరుగుతున్నట్టు జుమ్మని తగిలేది. పొద్దున లేవగానే వాడు చేసే మొదటి పని ఆ చేతి మీద వేలు పెట్టి చూసుకోవడం. జుమ్మని తగిలితే ఆ రోజుకి బతికినట్టు. తాగే నీళ్ళు ఒక చిన్న స్టీలు గ్లాసుతో కొలుచుకునేవాడు. కొబ్బరి నీళ్ళలో పొటాషియం ఎక్కువని డాక్టరు అవి అసలే వద్దన్నారు. కొబ్బరి చెట్ల నీడన పెరిగి, ఊళ్ళో ఎవరికి జ్వరమొచ్చినా చెట్టెక్కి బొండాలు దింపి ఇచ్చిన మనిషి, ఒక్క గుక్క కొబ్బరి నీళ్ళు తాగకుండా మూడేళ్ళు గడిపాడు.

2022లో మాకు దగ్గర్లో మూడు రాత్రులు స్వస్థత సభలు జరిగాయి. మూడో రాత్రి వాణ్ణి తీసుకెళ్ళింది నేనే. వరుసలో నిలబడ్డాం. బోధకుడు నూనె రాసి, తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేసి, ఒంట్లో తేడా తెలుస్తోందా అని మైకులో అడిగాడు. మా తమ్ముడికి అబద్ధం చేతకాదు. అలాగే ఉందయ్యా అన్నాడు. అప్పుడాయన జనం వైపు తిరిగి, ఈయన ఏదో పాపం దాచుకుని ప్రభువు బల్లలో చెయ్యి వేస్తున్నాడు, అందుకే రోగం కదలడం లేదు అన్నాడు. మిషను మీద ఆనుకున్నవాడికి దేవుడి మీద విశ్వాసం ఎక్కడుంటుందని కూడా అన్నాడు. జనం ఆమెన్ అన్నారు. వాళ్ళలో మా సంఘం వాళ్ళూ ఉన్నారు.

ఆటోలో ఇంటికొచ్చేదాకా వాడేమీ మాట్లాడలేదు. గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ అడిగాడు: "అప్పా, నానేటి పాపం సేసినాను?"

ఆ వారం రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్ళనన్నాడు. కాళ్ళూ ముఖమూ ఉబ్బి, ఊపిరాడక, వెల్లకిలా పడుకోలేక రాత్రంతా కూర్చునే ఉన్నాడు. తెల్లవారుజామున 108లో తీసుకెళ్ళాం. ఆసుపత్రివాళ్ళు ఒంట్లో చేరిన నీరు తీసేశారు, బతికాడు. లోపల దిగిన ఆ మాటను మాత్రం ఎవరూ తీయలేకపోయారు. ఆ తరువాత ఏడాదికి పైగా మా తమ్ముడు బల్లలో చెయ్యి వేయలేదు. రొట్టె పళ్ళెం తన వరుసలోకి వస్తే తల దించుకుని పక్కవాడికి అందించేవాడు.

అప్పటినుంచి నేను బైబిలును ఒకే ప్రశ్నతో చదువుతున్నాను. కారణం తెలియని బాధ ఎదురైనప్పుడు లేఖనం ఏం చేస్తుంది? నాకు కనబడినది మీ ముందు పెడతాను. తప్పయితే దిద్దండి.

మీరు చూపించే వచనాల నుంచే మొదలుపెడతాను. మోషే మీద మాట్లాడిన మిర్యాముకు కుష్ఠు వచ్చింది. నయమాను దగ్గర మోసంతో కానుక పుచ్చుకున్న గేహజీకీ వచ్చింది. కొరింథు సంఘంలో బల్లను అగౌరవపరిచినందువల్లే చాలామంది రోగులయ్యారని పౌలు రాశాడు. ఇవి లేఖనంలో ఉన్నాయి, నేను దాటవేయను. కానీ మొదటి రెండు సంగతుల్లో తీర్పు చెప్పినది ఎవరు? దేవుడు, ఆయన పంపిన ప్రవక్త. వాళ్ళు రోగాన్ని చూసి పాపాన్ని ఊహించలేదు. పాపం ముందే బయటపడి ఉంది.

కొరింథు సంగతి మా తమ్ముడి మీద ప్రయోగించినది కాబట్టి దాన్ని ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. అక్కడి పాపం ఏమిటి? ఉన్నవాళ్ళు ముందే తిని తాగి మత్తెక్కుతుంటే లేనివాళ్ళు ఆకలితో కూర్చున్నారు. పేదవాణ్ణి సంఘం మధ్యలో సిగ్గుపరచారు, అదీ పౌలు కోపానికి మూలం. దానికి ఆయన చెప్పిన విరుగుడు కూడా చూడండి. ఎవరిని వారు పరీక్షించుకోమన్నాడు. ఎదుటివాణ్ణి పరీక్షించమని గానీ, మంచాన పడ్డవాడి పాపం తవ్వి చూడమని గానీ అనలేదు. అలాంటప్పుడు పేద రోగిని అంతమంది ముందు తలదించుకునేలా చేయడం ఆ అధ్యాయాన్ని పాటించడమా, అది ఖండించిన తప్పునే మళ్ళీ చేయడమా? మీరే ఆలోచించండి.

యోబు గ్రంథంలో 42 అధ్యాయాలున్నాయి. పరలోకంలో ఏం జరిగిందో మొదటి రెండు అధ్యాయాల్లోనే చదువరికి తెలిసిపోతుంది. యోబుకు మాత్రం చివరిదాకా తెలియదు. సుడిగాలిలోంచి దేవుడు మాట్లాడినప్పుడు భూమి పునాదుల గురించి, మంచు గురించి, అడవి మేకలు ఈనే కాలం గురించి అడిగాడే గాని, నీకీ పుండ్లు ఎందుకొచ్చాయంటే అని ఒక్క ముక్క చెప్పలేదు. కారణం చెప్పినవాళ్ళు స్నేహితులు. ఎలీఫజు, బిల్దదు, జోఫరు మాటలు వింటే చెడ్డ ప్రసంగాల్లా ఉండవు. దేవుడు న్యాయవంతుడు, పాపికి శిక్ష తప్పదు, ఒప్పుకుంటే బాగుపడతావు అంటారు. వేదిక మీద ఈ రోజు చెప్పినా జనం ఆమెన్ అంటారు. అయినా చివర్లో దేవుడు ఎవరి మీద కోప్పడ్డాడు? రోదించి, వాదించి, పుట్టిన రోజునే శపించుకున్న యోబు తన గురించి సరిగా మాట్లాడాడన్నాడు. తన తరఫున వాదించిన ముగ్గురూ సరిగా మాట్లాడలేదన్నాడు. బలి తెచ్చుకోండి, యోబు మీ కోసం ప్రార్థిస్తాడు అని వాళ్ళను రోగి దగ్గరికే పంపాడు. యోబు ప్రార్థించాకే అతని స్థితి మారిందని గ్రంథం చెబుతుంది. అంటే బాగుపడని మనిషి ప్రార్థన వల్ల బోధకులకు క్షమాపణ దొరికింది.

ఆ ముగ్గురూ ఒక మంచి పని చేశారు. వచ్చిన కొత్తలో ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు యోబు పక్కన నేల మీద నోరు మెదపకుండా కూర్చున్నారు. వాళ్ళు చేసిన గొప్ప పరిచర్య ఆ వారమే. నోరు తెరిచాక చెడిపోయింది.

మన ప్రభువు దగ్గరికి వద్దాం. పుట్టు గుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగినది సరిగ్గా మీ సభల్లో వినిపించే ప్రశ్నే. పాపం వీడిదా, తల్లిదండ్రులదా? రెండూ కాదన్నాడు యేసు. ఆ మాట అన్నాక ఆయన చేసినది ఉమ్మితో బురద కలిపి ఆ కళ్ళ మీద పూయడం. లూకా సువార్త 13వ అధ్యాయంలో సిలోయము గోపురం కూలి 18 మంది చచ్చిపోయిన వార్త ఉంది. వాళ్ళు యెరూషలేములో అందరికంటే పెద్ద పాపులనుకుంటున్నారా అని అడిగి, కాదని ఆయనే జవాబిచ్చాడు. మారుమనస్సు పొందండి అన్నాడు నిజమే. ఆ మాట అన్నది మాత్రం బతికి ఉండి వార్త చెప్పుకుంటున్నవాళ్ళతో. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా కొబ్బరి చెట్లను, జీడి చెట్లను వేళ్ళతో పెకిలించినప్పుడు, ఇది ఉద్దానం పాపానికి శిక్ష అన్న ప్రసంగం కూడా విన్నాం. ఆ 18 మంది గురించి ప్రభువు అన్న మాట ఆ రోజు మాకెవరూ చదివి వినిపించలేదు.

ఇక పౌలు. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 12వ అధ్యాయంలో తన శరీరంలో ఒక ముల్లు ఉందన్నాడు. గ్రీకులో ఆ మాట స్కోలోప్స్. ముల్లు అనీ, మొన చెక్కిన కొయ్య అనీ రెండర్థాలున్నాయి. అదేమిటో ఆయన చెప్పలేదు. చెవినొప్పో తలనొప్పో అయి ఉంటుందని జనం అనుకుంటారని తెర్తుల్లియను రాశాడు. జబ్బు కాదు, అలెక్సంద్రు అనే కంచరివాడి లాంటి శత్రువులని క్రిసొస్తొము అన్నాడు. గలతీయులు తమ కళ్ళైనా పీకి ఇచ్చేవారని పౌలు రాసిన మాట పట్టుకుని కంటిజబ్బు అన్నవాళ్ళున్నారు. మలేరియా జ్వరమని విలియం రామ్సే అన్నాడు. దాదాపు రెండు వేల ఏళ్ళుగా పండితులు ఆ ముల్లుకు పేరు వెతుకుతూనే ఉన్నారు. పౌలు మాత్రం జబ్బు పేరు చెప్పలేదు, ఎన్నిసార్లు బతిమాలాడో చెప్పాడు. మూడుసార్లు. గెత్సేమనేలో ఆయన ప్రభువు కూడా మూడుసార్లే అడిగాడు. ఇద్దరికీ అడిగినది దొరకలేదు.

ఆ పత్రిక పౌలు ఎందుకు రాయాల్సి వచ్చిందో కూడా గుర్తుచేసుకుందాం. కొరింథులో కొందరు గొప్ప అపొస్తలులు దిగారు. మాటకారులు, దర్శనాల గురించి గొప్పలు చెప్పుకునేవారు. వాళ్ళ పక్కన పౌలు చాలడన్నారు. పత్రికలు ఘనంగా ఉంటాయి గాని మనిషి ఎదురుగా వస్తే బలహీనుడు, మాటలో పస లేదన్నారు. ఆయన ఒంటిని చూసి ఆయన సేవను తూచారు. దానికి జవాబుగానే ఆయన తన బలహీనతను చూపించాడు. ఆయన వాడిన అస్థెనేయా అనే మాటకు గ్రీకులో బలహీనత అనీ, జబ్బు అనీ రెండర్థాలూ ఉన్నాయి. క్రీస్తు సిలువ వేయబడినది కూడా బలహీనతలోనే అంటూ మరుసటి అధ్యాయంలో అదే మాట మళ్ళీ వాడాడు. లుస్త్రలో పుట్టు కుంటివాణ్ణి నడిపించినవాడు, మెలితే ద్వీపంలో పొప్లి తండ్రికి జ్వరం తగ్గించినవాడు, తన ముల్లు తీసుకోలేకపోయాడు. విశ్వాసం తక్కువై బాగుపడలేదనే సూత్రం నిజమైతే పౌలు విశ్వాసం ఎంతని చెప్పాలి?

ముల్లు ఎందుకొచ్చిందో పౌలు చెప్పాడు కదా, హెచ్చిపోకుండా ఉండటానికని, అని మీరనవచ్చు. చెప్పాడు. తన బాధకు తాను, మూడుసార్లు ఏడ్చి అడిగి, దేవుడి మాట విన్నాక చెప్పుకున్నాడు. పక్కవాడి ముల్లుకు ఆయన ఎక్కడా అర్థం చెప్పలేదు. త్రోఫిము జబ్బుపడితే మిలేతులో విడిచి వచ్చానని ఒక్క ముక్కలో రాశాడు. ఎపఫ్రొదితు చావు దాకా వెళ్ళొస్తే, దేవుడు అతని మీదా తన మీదా కనికరపడ్డాడన్నాడు, అలాంటివాళ్ళను గౌరవించమన్నాడు. కడుపుజబ్బుతో తరచు బాధపడే తిమోతికి కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని చెప్పాడు. ఆ రోజుల్లో అది మందు. యెషయా ప్రవక్త హిజ్కియా రాజు పుండు మీద అంజూరపు పళ్ళ ముద్ద కట్టమన్నాడు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. మిషను మీద ఆనుకోవడం అవిశ్వాసమైతే వీళ్ళందరినీ ఆ లెక్కలో వేయాలి. ఎలీషా అయితే రోగం వచ్చి ఆ రోగంతోనే చనిపోయాడు. అతని ఎముకలు తగిలి చచ్చినవాడు లేచాడని అదే అధ్యాయం చెబుతుంది.

హెబ్రీ పత్రిక 11వ అధ్యాయాన్ని విశ్వాస వీరుల పట్టిక అంటాం. మీ ప్రసంగాలు చాలావరకు 35వ వచనం మధ్యలో ఆగిపోతాయి. సింహాల నోళ్ళు మూయించినవాళ్ళు, యుద్ధాలు గెలిచినవాళ్ళు, చనిపోయిన బిడ్డలను తిరిగి పొందిన తల్లులు అక్కడిదాకా ఉంటారు. ఆ తరువాత మాట మారుతుంది. హింసలు పొందినవాళ్ళు, రాళ్ళతో కొట్టబడినవాళ్ళు, గొర్రె తోళ్ళు కట్టుకుని గుహల్లో తిరిగినవాళ్ళు వస్తారు. వీళ్ళ విశ్వాసానికీ వాళ్ళ విశ్వాసానికీ ఆ పత్రిక తేడా చూపలేదు. ఇద్దరికీ ఒకే మంచి పేరు ఇచ్చింది. 88వ కీర్తన చదవండి. కీర్తనల్లో మొరపెట్టేవి చాలా ఉన్నాయి, ఎక్కువభాగం చివర్లో స్తుతికి తిరుగుతాయి. ఇది తిరగదు. హెబ్రీలో దాని ఆఖరి మాట చీకటి. కోరహు కుమారుల పేరుతో, హేమాను పేరుతో ఉన్న ఆ పాటను ఎవరూ తీసేయలేదు, దానికి ఆనందంగా ముగింపు అతికించలేదు. సాక్ష్యం చెప్పమని మైకు ఇస్తే, నాకింకా చీకటిగానే ఉంది అని చెప్పుకునే చోటు దేవుడి గ్రంథంలో ఉంది. మన సభల్లో ఉందా?

యాకోబు పత్రిక 5వ అధ్యాయం ప్రకారం నూనె రాసి ప్రార్థించడం మన పని. దాన్ని మానమని నేను చచ్చినా అనను. ఆ వచనం చెప్పినట్టే చేయమంటున్నాను. అక్కడ రోగి వరుసలో నిలబడడు. సంఘ పెద్దలే అతని దగ్గరికి వెళతారు. విశ్వాసంతో చేయాల్సిన ఆ ప్రార్థన ఎవరిది? నూనె రాస్తున్న పెద్దలది. కాబట్టి ఎవరి విశ్వాసమైనా చాలలేదేమో అనుకోవాల్సి వస్తే ముందు తడుముకోవాల్సింది నూనె గిన్నె పట్టుకున్న చెయ్యి. పాపాలు ఒప్పుకోవడం కూడా అక్కడ ఒకరితో ఒకరు చేసేది. రోగి ఒక్కడే ఒప్పుకుంటే మిగతావాళ్ళు వినేది కాదు.

మన తెలుగు సంఘాలకు ఇది కొత్త పాఠం కాదు. ఆనా కుగ్లర్ అనే అమెరికా లూథరన్ డాక్టరమ్మ 1883లో గుంటూరు వచ్చింది. 1898లో అక్కడ ఆడవాళ్ళకు, పిల్లలకు ఆసుపత్రి తెరిచింది. కుష్ఠు రోగిని పాపిగా చూసి ఊరవతలకు తోసే రోజుల్లో, 1915లో, నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే మరో డాక్టరమ్మ వాళ్ళ కోసం ఆసుపత్రి పెట్టింది. మా సోంపేట ఆరోగ్యవరంలో కెనడా బాప్టిస్టు డాక్టరు బెన్ గల్లిసన్ చేసిన కంటి ఆపరేషన్ల గురించి మా పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. గుడ్డితనం ఎవరి పాపమని అడిగిన శిష్యులకు ప్రభువు బురద కలిపి చూపించాడే, ఆ దారిలో నడిచినవాళ్ళు వీళ్ళు. మన సంఘాలకు మంచి పేరు తెచ్చినది ఈ పనే.

మళ్ళీ మా తమ్ముడి దగ్గరికి వస్తాను. మా సంఘ పాస్టరు గారు పెద్దాయన. పెద్దగా ప్రసంగించలేరు, గొంతు వణుకుతుంది. 2023లో ఒకరోజు డయాలసిస్ గదికి వచ్చి వాడి మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని నాలుగు గంటలూ కూర్చున్నారు. మిషను చక్రం తిరుగుతున్న చప్పుడు, గొట్టంలో రక్తం ఎర్రగా పోవడం, రావడం. ఆయన ఏమీ అనలేదు. ఒకసారి మా తమ్ముడి చెయ్యి చలికి వణుకుతుంటే తన కండువా తీసి కప్పారు. సూదులు తీసేవేళకు తమ్ముడే అడిగాడు: "అయ్యగారూ, నాకే ఎందుకొచ్చింది?"

ఆయన కాసేపు నేలవైపు చూశారు. "నాకు తెలీదు బాబూ" అన్నారు. "నీ పాపం వల్లనైతే నీకంటే ముందు నాకు రావాలి."

మరుసటి ఆదివారం ఆయన మా ఇంటికొచ్చి, వాకిట్లో చాప మీద కూర్చుని రొట్టె విరిచారు. రోజువారీ నీళ్ళ లెక్కలో ద్రాక్షారసం ఎంతవుతుందో నేను లెక్కపెడుతుంటే తమ్ముడు చెయ్యి చాపాడు. ఫిస్టులా ఉన్న చెయ్యి, సూదిపోట్ల మచ్చలతో ఉబ్బిన చెయ్యి. ఏడాదికి పైగా గడిచాక రొట్టె ఆ చేతిలో పడింది. తిరిగి లేచిన ప్రభువు తోమాకు చూపినవి కూడా మచ్చలే కదా అని ఆ రోజు నాకు తట్టింది. ఆయన మరణాన్ని గెలిచాడు, గాయాల గుర్తులు మాత్రం చెరుపుకోలేదు.

2024లో మా తమ్ముడు ప్రభువులో నిద్రించాడు. ముల్లు చివరిదాకా ఉంది. పౌలు తన ముల్లు గురించి రాసిన అధ్యాయంలో వాడిన ఒక మాట గురించి వ్యాఖ్యానాల్లో చదివాను. క్రీస్తు శక్తి తన మీద నిలిచి ఉండాలన్నచోట, ఆ క్రియలో గుడారం వేయడం అనే అర్థం ఉందట. తిత్లీ రాత్రి మా ఇంటి కప్పు ఎగిరిపోయినప్పుడు మా తమ్ముడు గాలిలో తాళ్ళు పట్టుకుని ఒక టార్పాలిన్ కట్టాడు. గోడలు అలాగే పగిలి ఉన్నాయి, నేలంతా నీళ్ళు. మేమంతా ఆ పట్టా కింద తెల్లవారేదాకా ఉన్నాం. పౌలు పొందిన కృప నాకు అలాగే అర్థమవుతుంది. ఇల్లు బాగుపడలేదు, దాని మీద ఒకరు గుడారం వేశారు.

కాబట్టి మీకు నా మనవి ఇది. ప్రార్థన చేయండి, గట్టిగా చేయండి, బాగుపడితే దేవుణ్ణి స్తుతించండి. బాగుపడకపోతే ఆ మైకు రోగి నోటి దగ్గర పెట్టకండి. దేవుడు మీకు చెప్పని కారణాన్ని దేవుడి పేరుతో చెప్పకండి. మందు మానమని, మిషను వదలమని ఎవరితోనూ అనకండి. ఆ మాటకు ప్రాణాలు పోతాయి. పౌలు తన ముల్లుకే పేరు పెట్టలేదు, ఎదుటివాడి ముల్లుకు మీరు పేరు పెట్టకండి. సభలు అయిపోయిన మర్నాడు వీలైతే ఒక రోజు మా ఊళ్ళో ఆగండి. డయాలసిస్ గదిలో మంచం పక్కన కుర్చీ ఒకటి ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. వచ్చి కూర్చోండి. ఎందుకొచ్చిందని ఎవరైనా అడిగితే, తెలియదని చెప్పడానికి సిగ్గుపడకండి. మా తమ్ముడు మళ్ళీ చెయ్యి చాపినది ఆ ఒక్క మాట విన్నాకే.

మీ కోసం ప్రార్థిస్తూ,
ఉద్దానం నుంచి ఒక సండే స్కూలు టీచరు